ఊరి పచ్చిక బీడు: ఏడాది పొడవునా ఒకే చోట పరిశీలన

(వ్యవసాయాధికారి, బి.యస్సి. వ్యవసాయము)

రైతు తన చేనును దినమున కొకసారియైనను చూడక యుండడు. పైరు ఆకు కొన పసుపెక్కినచో ఆ సాయంకాలమే కనిపెట్టును. కాని ఊరి పశువుల కన్నింటికి మేత నిచ్చు బీడును అట్లు చూచువా రెందరు? పశువులను తోలుకొని పోవువాని చూపు పశువుల మీద నుండును గాని గడ్డి మీద నుండదు. బీడు ఏ ఒక్కరిదియు కాదు గనుక దాని బాగోగులు విచారించువారును లేరు.

మీ ఊరి పెద్దల నడిగి చూడుడు. తమ చిన్నతనమున బీడులోని గడ్డి మోకాలి ఎత్తున నుండెడి దనియు, ఇప్పుడు చీలమండ కూడ మునుగుట లేదనియు చెప్పుదురు. ఏ ఏట తగ్గినది, ఏ గడ్డి మొదట పోయినది, దాని స్థానమున ఏమి వచ్చినది అని అడిగినచో ఎవ్వరును చెప్పలేరు. బీడు ఒక్కనాడు పాడుకాదు. మంచి గడ్డి ఒక్కొక్క దుబ్బుగా పోవుచుండును. నేల మాత్రము పచ్చగనే కనబడుచుండును. పచ్చగా నున్నది గదా యని మనము ఊరుకొందుము. పశువులు చిక్కి, ఎండుగడ్డి కొనవలసి వచ్చినప్పుడు గాని నష్టము తెలియదు. అప్పటికి పదేండ్లు గడచిపోయి యుండును.

ఈ నష్టమును ముందుగా తెలిసికొనుటకు పెద్ద పరికరము లక్కరలేదు. బీడులో ఒక చోటు నెన్నుకొని, ఏడాదిలో అయిదు మారులు చూచి, చూచినది నోటు పుస్తకములో వ్రాసికొన్న చాలును. ఆ విధానమే ఈ వ్యాసమున వివరింపబడినది.

గడ్డి యంతయు ఒక్కటి కాదు

మన దేశమందలి పచ్చిక బయళ్ళను దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అను శాస్త్రజ్ఞులు 1973 లో వెలువడిన తమ గ్రంథమున అయిదు తెగలుగా విభజించిరి. మన తెలుగు నేలలోని మెట్ట బీళ్ళు వానిలో సెహిమా-డైకాంథియం తెగకు చెందును. ఎఱ్ఱ నేలలలోను గరపు నేలలలోను సెహిమా, నల్లరేగళ్ళలో డైకాంథియం ముఖ్యమైన గడ్డి జాతులు. రెండును బహువార్షికములు; అనగా పైన ఎండినను దుబ్బు బ్రతికియుండి, మరల వానకు చిగిర్చును. రెంటిని పశువు లిష్టముగా తినును. సెహిమాకు ఒంటి కంకి యుండును. డైకాంథియమునకు కొనయందు వ్రేళ్ళవలె చీలిన కంకులును, కణుపుల చుట్టు తెల్లని నూగును ఉండును.

మేపు మితిమీరినచో బీడు మెట్లు దిగును. మొదటి మెట్టున పైన చెప్పిన మంచి జాతు లుండును. రెండవ మెట్టున హెటెరోపోగాన్ అను గడ్డి హెచ్చును. దీనిని కొన్ని చోట్ల పందిముల్లు అందురు. ఇది లేతగా నున్నప్పుడే మేతకు పనికివచ్చును. ముదిరినచో దాని గింజల నల్లని తోకలు ఒకదానితో నొకటి పెనవేసికొనును. ఆ తోక తేమకు మెలి విప్పుకొని, ఎండకు మరల మెలిబడుచు, గింజను నేలలోనికి దింపును. గొఱ్ఱె ఉన్నిలోను చర్మములోను కూడ అట్లే దిగును. మూడవ మెట్టున అరిస్టిడా జాతి చీపురుగడ్డియు, ఒక్క వానకాలముతో తీరిపోవు చిన్న గడ్లును మిగులును. అరిస్టిడా గింజకు మూడు కొనలుండును. చివరి మెట్టున నేల బయటపడి, పల్లేరు, వెంపలి, తంగేడు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ ఆక్రమించును.

ఇట్లగుటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. పశువు రుచిగల మొక్కను ముందు కొఱుకును, రుచిలేని దానిని విడుచును. తొలకరిలో దుబ్బు తన వేళ్ళలో దాచుకొన్న ఆహారమును ఖర్చుచేసి చిగిర్చును. ఆ ఆకులు పెరిగి, ఎండలో ఆహారము తయారుచేసి, వేళ్ళ అప్పు తీర్చవలెను. అప్పు తీరకముందే చిగురును మరల మరల కొఱికినచో వేరు కుఱచబడును, దుబ్బు సన్నగిలును, ఒక వేసవిలో చచ్చును. పశువు ముట్టని మొక్కకు ఈ బాధ లేదు. కనుక అదే విత్తనము రాల్చి వ్యాపించును. అందుచేత బీడులో ఎంత పచ్చదన మున్నదని చూచుట చాలదు. ఆ పచ్చదనము ఏ మొక్కదని చూడవలెను.

చోటు నెన్నుకొనుట

నీళ్ళ తొట్టి దగ్గరను, బాట ప్రక్కను, చెట్టు నీడను చోటు ఎన్నుకొనరాదు. అచ్చట తొక్కుడు గాని నీడ గాని హెచ్చు గనుక బీడు యొక్క నిజస్థితి తెలియదు. బీడులో అధిక భాగము ఎట్లున్నదో అట్లే యున్న చోటు కావలెను. పది బారల చదరము కొలిచి నాలుగు మూలల రాళ్ళు పాతి సున్నము పూయుడు. దాని ప్రక్కనే మూడు మీటర్ల చదరమునకు ముళ్ళకంచె వేయుడు. కంచె లోపల పశువు మేయదు; వెలుపల మేయును. వాన, నేల, ఎండ రెంటికిని ఒక్కటే గనుక లోపలికిని వెలుపలికిని కనబడు తేడా చాల వరకు మేపు వలన వచ్చినదే.

పరిశీలనకు నూరడుగుల పద్ధతి మేలైనది. ఒక మూల రాతి నుండి బయలుదేరి, ప్రతి సారియు ఒకే దిక్కుగా, నూరు అడుగులు వేయుడు. అడుగడుగునకు కుడి కాలి బొటనవ్రేలి కొన ఎదుట ఏమున్నదో చూచి, దుబ్బు గడ్డి, ఏటి గడ్డి, ఇతర మొక్క, వట్టి నేల అను నాలుగు గళ్ళలో తగిన దానియందు గీత గీయుడు. నూరడుగులు గనుక గీతల సంఖ్యయే నూటికి ఎంతయను లెక్క అగును.

దుబ్బు గడ్డికిని ఏటి గడ్డికిని భేదము తెలియనిచో పెరికి చూడుడు. ఏటి గడ్డి వేళ్ళతో సులభముగా చేతికి వచ్చును. దుబ్బు గడ్డి రాదు. మొదట నిరుటి మోళ్ళు కూడ కనబడును. మొక్కల పేర్లు ఊరూరికి మారును. మీ ఊరివారు పిలుచు పేరునే వ్రాసికొని, మొక్కను కాగితముల నడుమ నొక్కి ఆరబెట్టి పుస్తకములో నుంచుడు. శాస్త్రనామమును తరువాత వ్యవసాయాధికారి నడిగి తెలిసికొనవచ్చును.

కార్తెల వెంట చూడవలసినవి

మొదటి పరిశీలన రోహిణి కార్తెలో, మే నెల చివర చేయవలెను. ఇది బీడునకు కఱవు కాలము. నేల యెంత కప్పబడి యున్నదో ఇప్పుడే బాగుగా తెలియును. మోళ్ళు మూడు నాలుగు అంగుళముల ఎత్తున మిగిలినచో తొలి వాన నేలను కోయదు. అవి కూడ లేనిచో నీరు మట్టిని వెంటబెట్టుకొని పోవును. నక్క ఉల్లి ఆకు లేకుండ పొడవైన పూకాడ నెత్తుట ఈ వేసవియందే చూడవచ్చును. తంగేడు మాత్రము ఎండకు వెఱవక పచ్చగా నుండును. పశువులు దానిని సాధారణముగా తినవు గదా!

రెండవది ఆరుద్ర కార్తెలో, జూన్ చివరను జూలై మొదటను. తొలకరి పడిన తరువాత ఎఱ్ఱని పట్టువంటి ఆరుద్ర పురుగులు నేలపై తిరుగాడుట మన రైతులకు వాన గుర్తు. ఈ సమయమున దుబ్బులు మొదటి నుండి చిగిర్చును, ఏటి గడ్డి గింజలు మొలచును. ఎన్ని దుబ్బులు చిగిర్చినవో, ఎన్ని చచ్చినవో లెక్కించుటకు ఇదియే అదను. చచ్చిన దుబ్బును వ్రేలితో కదపగనే ఊడివచ్చును. ఆకలిగొన్న పశువులను బీడుమీదికి తోలుటకు రైతు ఆత్రపడునదియు ఇప్పుడే. దుబ్బునకు అపాయ మెక్కువయైనదియు ఇప్పుడే.

మూడవది మఖ కార్తెలో, ఆగస్టు నడుమ. గడ్డితోపాటు పప్పుజాతి మొక్కలును కనబడును. ఇవి వేరు బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయముతో గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు బలము నిచ్చును. విష్ణుక్రాంత నీలిపూలు, తుమ్మి తెల్లపూలు కూడ ఈ కాలమున చూడవచ్చును. వయ్యారిభామ యున్నచో పూతకు రాకముందే ఇప్పుడు గుర్తింపవలెను.

నాలుగవది హస్త చిత్త కార్తెలలో, సెప్టెంబరు చివర నుండి అక్టోబరు నడుమ. ఇది బీడునకు నిండు కాలము. గునుగు, తంగేడు పూచి బీళ్ళు రంగు తేలును. తెలంగాణమున ఆడపడుచులు బతుకమ్మను పేర్చుట ఈ పూలతోడనే. పండుగకు పూలు దొరకుట కష్టమైన దని ఊరిలో అనుకొన్నచో అదియు బీడును గూర్చిన సమాచారమే, పుస్తకమున వ్రాయుడు. మంచి గడ్డి కంకి వేసి గింజ రాల్చునదియు ఈ కాలమునందే. కంచె వెలుపల కూడ కంకులు నిలిచినవా, లేక పశువు లన్నింటిని కొఱికినవా యని చూడుడు. గింజ రాలని బీడు మరుసటి ఏటికి విత్తనము దాచుకొనని చేను వంటిది.

అయిదవది పుష్యమాసమున, జనవరిలో. గడ్డి ఎండి గోధుమరంగు తిరుగును. మాంసకృత్తులు తగ్గి మేత సారము తగ్గును. ఎంత గడ్డి మిగిలినది, అది వేసవికి చాలునా యని ఇప్పుడు అంచనా వేయవలెను. క్రొత్త చిగురు కొఱకు కొందరు ఎండు బీడునకు నిప్పు పెట్టుదురు. దాని వలన వేసవికి మేతయు పోవును, నేలకు కప్పును పోవును. పందిముల్లు మాత్రము నిప్పునకు ఓర్చుకొని హెచ్చును.

రోళ్లపాడు బీడు నేర్పు పాఠము

మన రాష్ట్రములలోని గడ్డి బీళ్ళలో ప్రసిద్ధమైనది రోళ్లపాడు. ఇది మునుపటి కర్నూలు జిల్లాలో నుండి, 2022 లో జిల్లాల పునర్విభజన తరువాత నంద్యాల జిల్లాలో చేరినది. బట్టమేక పిట్ట రక్షణ కొఱకు 1988 లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 614 హెక్టార్లు. చెట్లు దట్టముగా నున్నదే అడవి యను తలంపు గలవారు చూచినచో ఇందేమున్న దందురు. కాని బట్టమేకకు చెట్ల అడవి పనికిరాదు. దూరము కనబడు బయలు కావలెను. అది నేలమీదనే సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టును; మిడుతలను, పెంకు పురుగులను ఏరి తినును. చలికాలమున మధ్య ఆసియా ప్రాంతముల నుండి వచ్చు హారియర్ జాతి డేగలు పగలు బీళ్ళపై ఎగిరి మిడుతలను పట్టి, రాత్రి గడ్డి నడుమ నేలమీదనే గుంపులుగా పరుండును. ఇవి రెండును రైతునకు కూలి యడుగని పనివారు.

మేపు ఆపిన చోట్ల గడ్డి తేరుకొన్నది. కృష్ణజింకలు కూడ హెచ్చినవి; అవి చుట్టుపట్ల చేలలో పడుట వలన రైతులకు నష్టమును కలిగినది. కాని ఎవరి కొఱకు ఈ బీడును కాపాడదలచిరో ఆ బట్టమేక మాత్రము అక్కడ కఱవైపోయినది. ఈ పక్షిని 2011 లో అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతుల జాబితాలో చేర్చిరి. ఇప్పుడు దేశము మొత్తము మీద ఇవి రెండు వందలకు లోపుగనే యున్నవి. అందు అధిక భాగము రాజస్థానమున గలవు. బట్టమేక తిరుగాడుటకు 614 హెక్టార్లు చాలవు. చుట్టునున్న బీళ్ళును మెట్ట చేలును కలిసి ఒకే మేత నేలగా నుండినప్పుడే అది మనగలదు. చుట్టుపట్ల బీళ్ళు తరిగి, సేద్యము మారిన కొలది నడుమనున్న గడ్డి ఒంటరి దైనది.

దీనివలన మనము గ్రహింపవలసినది రెండు విషయములు. విశ్రాంతి నిచ్చినచో గడ్డి తేరుకొనును. ఇది ధైర్యము కలిగించు మాట. కాని కంచెలోపలి గడ్డి బాగుగ నున్నదని ఊరి బీడు బాగుగ నున్నట్లు కాదు. గడ్డితోపాటు దానిమీద బ్రతుకు పశువును, పక్షిని, మనిషిని కూడ చూడవలెను.

గడ్డి తూకము కట్టుట

అక్టోబరు పరిశీలనలో మీటరు చదరము గల కఱ్ఱ చట్రమును కంచె లోపల పరచి, అందలి గడ్డిని రెండంగుళముల మోడు విడచి కోయుడు. బాగుగ ఎండబెట్టి తూచుడు. వచ్చిన గ్రాములను నాలుగుచే హెచ్చించినచో ఎకరమునకు ఎన్ని కిలోలో సుమారుగా తెలియును. ఏలయన ఎకరము 4,047 చదరపు మీటర్లు.

ఉదాహరణకు చట్రములో 120 గ్రాముల ఎండుగడ్డి వచ్చిన దనుకొందము. ఎకరమునకు 480 కిలోలు. ఇందు సగము మాత్రమే పశువునకు, సగము నేలకు విడువవలెను. మిగిలిన 240 కిలోలే మేత. 250 కిలోల బరువు గల పశువు దినమునకు సుమారు 6 కిలోల ఎండుమేత తినును. కనుక ఆ ఎకరము ఒక్క పశువునకు 40 దినములు చాలును. గొఱ్ఱె దినమునకు సుమారు ఒక కిలో తినును గనుక ఆరు గొఱ్ఱెలకు 40 దినములు. మీ ఊరి బీడు ఎన్ని యెకరములో, పశువు లెన్నియో మీకు తెలియును. లెక్క మీరే వేసి చూడుడు. చాలని మేతను ఇప్పుడే జొన్నచొప్పతోడనో, పశుగ్రాస పైరులతోడనో సమకూర్చుకొనవచ్చును. ఏప్రిల్‌లో వెదకికొనుట కష్టము.

చూచిన తరువాత చేయవలసినది

నూరడుగుల లెక్కలో దుబ్బు గడ్డి ఏటేట తగ్గుచు వట్టి నేల హెచ్చుచున్నచో బీడునకు విశ్రాంతి కావలెను. కాని బీడంతయు ఒక్కసారి మూయుట తగదు. భూమి లేని కుటుంబములకు నాలుగు గొఱ్ఱెలు, ఒక పాడిగేదెయే ఆస్తి. వారికి బీడు తప్ప వేఱు మేత లేదు. వారిని అడుగక మూసిన బీడు రాత్రివేళ తెఱచుకొనును. అందుచేత బీడును నాలుగు భాగములు చేసి, తొలకరి నుండి గింజ రాలు వరకు ఏటి కొక భాగమునకు మాత్రము విశ్రాంతి నిండు. మిగిలిన మూడు భాగములలో పశువులు మేయును. నాలుగేండ్లలో ప్రతి భాగమును ఒకసారి విత్తనము రాల్చుకొనును. మూసిన భాగమున కూడ గింజ రాలిన తరువాత గడ్డి కోసికొని పోవచ్చును. ఈ యేర్పాటును గొఱ్ఱెల కాపరులతో కలిసి గ్రామసభలో నిర్ణయించుకొన్నచో నిలుచును.

దుబ్బులు బొత్తిగా పోయిన చోట్ల తొలకరికి నేలను పైపైన గీరి అంజన్ గడ్డి విత్తనము, స్టైలో విత్తనము చల్లవచ్చును. స్టైలో పప్పుజాతి మేత మొక్క.

వయ్యారిభామ 1950 దశకము నడుమ పూనా ప్రాంతమున కనబడి దేశమంతట వ్యాపించినది. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. పూతకు ముందే, నేల తడిగా నున్నప్పుడు, చేతికి తొడుగులు వేసికొని వేళ్ళతో పెరుకవలెను. వట్టి చేతితో తాకినచో కొందరికి దురదలు వచ్చును. మెక్సికో నుండి తెప్పించిన జైగోగ్రామా పెంకు పురుగు దీని ఆకులను తినును. అది మీ బీడులో కనబడినచో చంపకుడు.

సర్కారు తుమ్మ మన నేలకు 19 వ శతాబ్దమున వచ్చినది. కడప జిల్లా కమలాపురమున 1878 లో దీనిని నాటిరి. కాయలను పశువులు తినును, వంటచెఱకునకును పనికివచ్చును. కాని గింజలు పేడతో పడి బీడంతట మొలచును. పెద్ద చెట్లను తీయుట ఖర్చుతో కూడిన పని. ఏటేట ఆరుద్ర పరిశీలనలో కనబడిన మొలకలను అప్పుడే వేరుతో పెరికినచో ఖర్చు లేదు.

గ్రామాధికారులకు మనవి

బీడు ఖాళీ భూమి కాదు. రికార్డులలో మేత పోరంబోకుగా నున్న సర్వే నంబర్ల హద్దులను ముందుగా గుర్తింపుడు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింప వలసినదిగా సుప్రీంకోర్టు 2011 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వముల నాదేశించినది. మొక్కలు నాటు కార్యక్రమమునకు స్థలము వెదకునప్పుడు మంచి గడ్డి గల బీడును గుంతలు తీసి పాడుచేయక, చెఱువుగట్లను, బాటల ప్రక్కలను ఎన్నుకొనుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామమున జీవవైవిధ్య యాజమాన్య సంఘము, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. రైతులు వ్రాసిన బీడు పుస్తకములోని వివరములను ఆ రిజిస్టరులో చేర్చినచో అది కాగితములకే పరిమితము కాక ఊరికి పనికివచ్చును. పాఠశాల పిల్లలను, ఉపాధ్యాయులను ఈ పనికి తోడు చేసికొనుడు. నూరడుగులు లెక్కించుటలో పిల్లలు పెద్దలకంటె తప్పు చేయరు.

రైతు సోదరులారా! ఒక్క యేటి లెక్కతో తొందరపడి తీర్మానము చేయకుడు. వాన చక్కగా కురిసిన యేట పాడైన బీడును పచ్చగనే యుండును. వాన తప్పిన యేట మంచి బీడును వెలవెలబోవును. కనుక ప్రతి పరిశీలనతో ఆ నెల వర్షపాతమును కూడ వ్రాసికొనుడు. మూడు నాలుగేండ్ల లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు మీ బీడు మెట్లెక్కుచున్నదో, దిగుచున్నదో స్పష్టమగును. రానున్న రోహిణి కార్తెలోగా నాలుగు రాళ్ళును, ఒక నోటు పుస్తకమును సిద్ధము చేసికొనుడు. మూడు నాలుగు మెట్లు దిగిపోయిన బీడును మరల ఎక్కించుటకు చాల ఏండ్లు పట్టును. ఒక్క మెట్టు దిగినప్పుడే కనిపెట్టినచో రెండు మూడు వానకాలముల విశ్రాంతితో చాల వరకు బాగుపడును.